ముందు టైము రాసుకో

చిరంజీవికి,

తల్లీబిడ్డల మరణాల మీద నువ్వు రాస్తున్న థీసిస్‌లోంచి పంపిన రెండు అధ్యాయాలూ చదివాను. రెండోసారి చదివేటప్పుడు ఎర్ర పెన్ను పక్కన పెట్టేశాను. తప్పులు లేక కాదు, ఉన్నవి ఎర్ర గీతతో పోయేవి కావు.

తల్లీబిడ్డల ఆరోగ్యం మీద పీజీ చేసేవాళ్లలో చాలామందికి చదువు వేరు, రాత వేరు. ముందు డేటా సేకరించడం, తర్వాత విశ్లేషించడం, ఆఖర్న ఓ మూడు నెలలు కూర్చుని థీసిస్ రాసెయ్యడం. నేనూ అలాగే అనుకున్నాను. నా మొదటి రిపోర్టులో ఒక తల్లి మరణం గురించి ఒకే వాక్యం ఉండేది: "ప్రసవానంతరం అధిక రక్తస్రావంతో మృతి." మా గైడ్ అది చదివి, "రక్తం పోవడం ఎన్నింటికి మొదలైంది?" అని అడిగారు. కేసు షీటులో ఉంది, నేను రాసుకోలేదు. అప్పటికి ఆ షీటు మళ్లీ నా చేతికి వచ్చే దారి లేదు. ఆ రోజు పడ్డ సిగ్గే నాకు రాయడం నేర్పింది.

మూడు ఆలస్యాల సంగతి నీకు కంఠతా వచ్చు. తల్లుల మరణాల గురించి 1994లో థాడియస్, మెయిన్ అనే పరిశోధకులు రాసినవే: ఆస్పత్రికి వెళ్దామని నిర్ణయించుకోవడంలో ఆలస్యం, చేరడంలో ఆలస్యం, చేరాక వైద్యం అందడంలో ఆలస్యం. మూడింటికీ తలో పేరా ఇచ్చావు, బాగుంది. కానీ నీ కేసుల దగ్గరికి వచ్చేసరికి "సకాలంలో వైద్యం అందక" అన్న మాట ఐదుసార్లు కనిపించింది. ఇంటి గడప దాటేసరికి ఎంతైంది? బండి దొరికేసరికి? ఆస్పత్రిలో అడుగుపెట్టాక రక్తం ఎక్కించేసరికి? మూడో ఆలస్యాన్ని మొదటిదాని మీదికి నెట్టేయడం చాలా సులువు. పోయిన మనిషి వచ్చి చెప్పదు, రిజిస్టరు మాత్రం ఎప్పుడూ రాసినవాళ్ల తరఫునే మాట్లాడుతుంది. "400 మిల్లీలీటర్ల రక్తం పోయింది" అని ఉంటే, దేంతో కొలిచారో కూడా అడుగు. కంటితో చూసి వేసే అంచనా చాలాసార్లు అసలు కన్నా తక్కువే ఉంటుంది. "దురదృష్టవశాత్తూ" అన్న మాట మూడు చోట్లా కొట్టేయి. అది ఉన్న చోటల్లా ఎవరో చెయ్యాల్సిన పని ఒకటి దాక్కుని ఉంది.

రాయడంలో ఆలస్యం గురించి కూడా చెప్పాలి. డాక్టర్ సెమ్మెల్‌వైస్ కథ నీకు తెలుసు. 1847లో వియన్నా ఆస్పత్రిలో డాక్టర్ల చేత క్లోరిన్ కలిపిన నీళ్లతో చేతులు కడిగించి, బాలింత జ్వరం చావులను ఒక్కసారిగా తగ్గించాడు. మనం ఆ చేతులు కడగడం దగ్గరే ఆగిపోతాం. తన పనిని ఆయన పుస్తకంగా తెచ్చింది 1861లో, పద్నాలుగేళ్ల తర్వాత. స్నేహితులు రాయమని వెంటపడ్డా రాయలేదు. తీరా రాసేసరికి లోపల కోపం పేరుకుపోయింది. ఆ తర్వాత వ్యతిరేకులను హంతకులంటూ బహిరంగ లేఖలు రాశాడు. లెక్కలు సరైనవే, కానీ చదవాల్సినవాళ్లు చదవడం మానేశారు.

ఆయనకన్నా అర్ధ శతాబ్దం ముందు, స్కాట్లండ్‌లోని అబర్డీన్‌లో అలెగ్జాండర్ గోర్డన్ అనే డాక్టరు ఉండేవాడు. నాకు ఆయనంటే ఎక్కువ ఇష్టం. ఆ జ్వరం వచ్చిన 77 మందిని పట్టిక వేసి, ఎవరికి ఎవరు పురుడు పోశారో ఎదురుగా రాశాడు. జ్వరం పురుడు పోసే చేతుల మీదుగానే వెళ్తోందని తేలింది. ఆ చేతుల్లో తనవీ ఉన్నాయని 1795లో అచ్చులోనే ఒప్పుకున్నాడు. అంత నిజాయితీ నాకు ఉంటుందా అంటే, ఏమో. కానీ మంత్రసానుల పేర్లు కూడా అచ్చు వేశాడు. ఊరు ఆయన మీద తిరగబడింది, చివరికి అక్కణ్నుంచి వెళ్లిపోవాల్సి వచ్చింది.

ఇంగ్లండ్, వేల్స్‌లలో 1952 నుంచి ప్రతి మాతృ మరణాన్నీ పేర్లు బయటపెట్టకుండా విచారించడం మొదలైంది. నువ్వూ అదే దారి పట్టు. అయితే పేరు తీసేస్తే చాలదు. వయసు, ఊరు, తేదీ మూడూ ఉంటే చిన్న ఊళ్లో ఎవరో ఇట్టే తెలిసిపోతుంది. తేదీ తీసేయి, గంటల మధ్య దూరం ఉంచు. "నొప్పులు మొదలైన 9 గంటలకు, చేరిన 2 గంటల తర్వాత" అని రాస్తే ఆ మనిషి గుట్టు బయటపడదు, జరిగింది మాత్రం తెలుస్తుంది.

భాష గురించి ఒక్క మాట. "ప్రసవానంతర దశలోని మహిళ" అని రాశావు. బాలింత అంటే సరిపోదూ? అంత మంచి మాట మనకుండగా మూడు మాటలెందుకు?

రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదని చివర్లో రాశావు. పట్టదు. వరసగా రోజుకి ఐదారు కేసు షీట్లు చదవొద్దు, రెండు చాలు. టెన్షన్ ఎక్కువైతే గైడ్‌కి చెప్పు, దాచుకోకు. ఇంతకన్నా గొప్ప ఉపాయం నాకూ తెలీదు.

ఇక నాలుగో పట్టిక. నీ పెరినేటల్ మరణాల (కడుపులోనే పోయిన బిడ్డలు, పుట్టిన మొదటి వారంలో పోయిన బిడ్డలు) రేటుకి హారంగా సజీవ జననాలు వేశావు. మాతృ మరణాల నిష్పత్తికి అది సరే. ఇక్కడ మాత్రం కడుపులోనే పోయిన బిడ్డలు లవంలో ఉన్నారు, హారంలో లేరు. మొత్తం జననాలు తీసుకుని మళ్లీ లెక్క కట్టు. ఇంకొకటి, పన్నెండో వరసలో "ఏడో రోజు మరణం" అని ఉన్న బిడ్డ. రిజిస్టరు రాసిన నర్సు పుట్టిన రోజును సున్నాగా లెక్కపెట్టిందా, ఒకటిగానా? సున్నా అయితే ఆ బిడ్డ నీ పట్టికలోకి రాదు, ఒకటి అయితే వస్తుంది. ఊహించి రాయకు. రిజిస్టరులో పుట్టిన టైమూ పోయిన టైమూ చూసి, అప్పుడు నాకు రాయి.

ఆశీస్సులతో.