స్లీవ్ ఆపరేషన్ తర్వాత పప్పన్నం దిగడం లేదంటే

మీరు అడిగింది ఇదీ: అక్కకు స్లీవ్ ఆపరేషన్ (బరువు తగ్గడానికి పొట్టను కోసి సన్నటి గొట్టంలా మిగల్చడం) అయి ఆరు వారాలైంది, గుంటూరులో మీ ఇంట్లోనే ఉంటోంది, మెత్తటి పప్పన్నం నాలుగు ముద్దలు తినేసరికి ఛాతీ మధ్యలో పట్టేసి నురగ కక్కుకుంటోంది, రోజుకు లీటరు నీళ్లు కూడా పట్టడం లేదు. ఏం పెట్టాలి అని.

ముందు ఒక్క మాట. మంచినీళ్లు కూడా నిలవకుండా వాంతవుతుంటే తిండి మార్చి చూద్దామని ఆగకండి. ఆపరేషన్ చేసిన సర్జన్‌కు ఈ రోజే ఫోన్ చేయండి. పొట్ట గొట్టం సన్నబడి ఉండొచ్చు. వాంతులు రోజుల తరబడి సాగితే ఒంట్లో బి1 విటమిన్ అడుగంటుతుంది. ఒకటి రెండుగా కనిపించడం, నడకలో తూలడం దాని గుర్తులు. నీరసంగా ఉందని వీధి చివర ఆర్‌ఎంపీ దగ్గర గ్లూకోజ్ సెలైన్ ఎక్కించడం మనవైపు మామూలే కదా, ఈమె విషయంలో అది ప్రమాదం. బి1 ఇవ్వకుండా ఒట్టి గ్లూకోజ్ ఎక్కిస్తే నరాలకు, మెదడుకు దెబ్బ తగలొచ్చు. ఎక్కడికి తీసుకెళ్లినా స్లీవ్ అయిందన్న సంగతే మొదట చెప్పండి.

నీళ్లు నిలుస్తూ అన్నమే పట్టేస్తుంటే, తప్పు చాలావరకు మనం తినే పద్ధతిలో ఉంటుంది. స్లీవ్‌లో పొట్టను ముప్పాతిక వంతుకు పైగా తీసేస్తారు. మిగిలేది సన్నటి గొట్టం, సుమారు 100 నుంచి 150 మి.లీ. పడుతుంది. మనం పప్పన్నాన్ని పిసికి ముద్ద చేసి, రెండు నములు నమిలి మింగేస్తాం. నిజానికి నమలం, జార్చేస్తాం. మెత్తగా ఉడికిన అన్నం జిగురుగా ఒక్క ఉండలా అతుక్కుని ఆ గొట్టంలో దిగక ఆగుతుంది. దాన్ని కిందికి తోయడానికి నోట్లో జొల్లు ఊరుతుంది. మీరు నురగ అంటున్నది అదే. అప్పుడు నీళ్లు తాగిస్తే బాధ ఇంకా పెరుగుతుంది. లేచి నెమ్మదిగా నడవమనండి, తగ్గాక ఆ పూటకు తిండి ఆపేయండి.

అందుకని విస్తరి వరస తిరగేయాలి. మనకు అన్నం అసలు, కూర నంజుడు. ఆమెకు పప్పు, గుడ్డు, చేప అసలు. అన్నం చివర్లో చోటుంటే ఒక చెంచా, లేకపోతే లేదు. రోజుకు కనీసం 60 గ్రాముల ప్రోటీన్ వెళ్లాలి. గుడ్డులో ఆరు గ్రాములు, 100 గ్రాముల పనీర్‌లో సుమారు 18, అంతే ఉడికిన చేపలో 20 దాకా ఉంటాయి. ఇప్పుడే అంతా తిండితో రాదు, డైటీషియన్ రాసిన ప్రోటీన్ పొడి మానకండి. పొద్దున మెత్తటి గుడ్డు పొరటు, లేదా కరకరలాడే అంచు తీసేసిన పలచని పెసరట్టు, ఉప్మా లేకుండా. ఇడ్లీ తేలికని అందరూ అదే పెడతారు గానీ అందులో బియ్యం పాలే ఎక్కువ, పొట్ట నిండుతుంది తప్ప బలం రాదు. మధ్యాహ్నం ముళ్లు తీసిన కొర్రమీను, పులుపూ కారమూ బాగా తగ్గించి. చికెన్ ముక్క పీచుగా పట్టేస్తుంది, ఖీమాగా కొట్టించి తడిగా వండండి. నీచు తినని రోజు ముద్దపప్పును అన్నం లేకుండా గిన్నెలో వేసివ్వండి, గుడ్డలో వడకట్టిన గట్టి పెరుగు ఇవ్వండి. ములక్కాడ పీచు, బత్తాయి తొన పొర, ఆవకాయ ముక్క, రొట్టె ప్రస్తుతానికి వద్దు.

టీ చెంచాతో తినాలి. చెంచాకు ఇరవై ముప్పై నములు, చెంచాకూ చెంచాకూ మధ్య నిమిషం. ఇరవై నిమిషాల నుంచి అరగంటలో ఎంత తింటే అంతే. ఎక్కిళ్లు రావడం, ముక్కు కారడం, తుమ్ము రావడం చాలామందిలో నిండిందనడానికి గుర్తు. అక్కడ ఆపాలి, ఇంకో చెంచా వద్దు. ఇంట్లో కష్టమంతా ఇక్కడే. కొసరి వడ్డించడమే మనకు ప్రేమ, “ఇంతేనా తినేది” అని పెద్దవాళ్లు అంటూనే ఉంటారు. వాళ్లకు మీరే ముందు కూర్చోబెట్టి చెప్పండి, ఆమెతో చెప్పించకండి.

నీళ్లు భోజనంతో కలపకూడదు. తిన్న అరగంట దాకా వద్దు, తినే ముందు కూడా అరగంట ఆపితే మంచిది. మిగతా సమయమంతా అర లీటరు సీసా చేతిలో ఉండాలి, గుక్కకు రెండు మూడు చెంచాల చొప్పున. రోజుకు మూడు సీసాలు, మన ఎండల్లో నాలుగు. ఉప్పేసిన పలచటి మజ్జిగ లెక్కలోకి వస్తుంది. గోళీసోడా గ్యాస్ పొట్ట ఉబ్బిస్తుంది. చెరుకు రసం పంచదార ఒక్కసారిగా పేగులోకి దిగితే గుండె దడ, చెమటలు, విరేచనాలు రావొచ్చు. గ్యాస్ట్రిక్ బైపాస్ (గుండెది కాదు, పొట్టను చిన్నది చేసి పేగుకు కలిపే ఆపరేషన్) అయినవాళ్లకు ఇది మరీ ఎక్కువ.

ఇంకొన్నాళ్లకు వేరే చిక్కు వస్తుంది. అన్నం పట్టేస్తుంది గానీ కారప్పూస, మరమరాలు, ఐస్‌క్రీమ్ నోట్లో కరిగి హాయిగా జారిపోతాయి. దిగుతున్నాయి కదా అని వాటికి అలవాటు పడితే బరువు మళ్లీ వచ్చేది ఆ దారినే. డబ్బాలు ఇంట్లోంచి తీసేయండి.

మాత్రలు రాసినవి రాసినట్టు వాడాలి. ఐరన్‌కూ కాల్షియంకూ రెండు గంటల ఎడం ఉండాలి, ఐరన్ వేసుకునే వేళకు టీ వద్దు. కాల్షియంలో సిట్రేట్ రకం అడగండి, పొట్టలో ఆమ్లం తగ్గినా అది ఒంటబడుతుంది. మూడో నెల నుంచి జుట్టు ఊడొచ్చు, చాలామందికి తర్వాత మళ్లీ వస్తుంది. ఊడటం ఎక్కువైతే ముందు ప్రోటీన్ లెక్క చూసుకుని, ఐరన్ పరీక్ష చేయించండి.