రాగికి నాలుగో సీటు ఖాళీ

ప్రశ్న: మా అమ్మాయి ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ. ప్రాజెక్టు ఏంటని అడిగితే 'రాగిని పట్టుకునే పెప్టైడ్లతో శరీరంలోని అణువులను గుర్తించడం' అంది. మూడు అమైనో ఆమ్లాల ముక్క యాంటీబాడీ చేసే పని ఎలా చేస్తుందండీ?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: పెప్టైడ్ అంటే అమైనో ఆమ్లాల చిన్న గొలుసు, యాంటీబాడీ అంటే తనకు కావాల్సిన అణువునే గుర్తుపట్టి పట్టుకునే పెద్ద ప్రోటీన్. ముక్క ఒక్కటే ఆ పని చేయదమ్మా, అసలు పని రాగిది. కాలేజీలో బైయురెట్ పరీక్ష చేసే ఉంటారు, కోడిగుడ్డు తెల్లసొనలో క్షారం కలిపి కాపర్ సల్ఫేట్ చుక్కలు వేస్తే ఊదా రంగు వస్తుంది చూడండి, అది పెప్టైడ్ గొలుసులోని నైట్రోజన్లు రాగిని పట్టుకున్నందుకే.

ఎన్ని నైట్రోజన్లు పట్టుకున్నాయన్నదే కిటుకు. రాగి అయాన్ చుట్టూ గట్టి సీట్లు నాలుగు అనుకోండి. గ్లైసిన్-గ్లైసిన్-హిస్టిడిన్ (ఇవన్నీ అమైనో ఆమ్లాల పేర్లే) లాగా హిస్టిడిన్ మూడో స్థానంలో ఉంటే నాలుగూ పెప్టైడే నింపేస్తుంది, బయటివాళ్లకు చోటు దొరకదు. అదే హిస్టిడిన్‌ను రెండో స్థానానికి జరిపితే మూడే నిండుతాయి. నాలుగోదాంట్లో నీటి అణువు ఉంటుంది గానీ అది బస్సు సీటుకు వేసిన చేతిరుమాలు లాంటిదే, ఫాస్ఫేటో, ఇమిడజోల్ వలయం (హిస్టిడిన్‌లో ఉండే నైట్రోజన్ల వలయం) ఉన్న అణువో వచ్చిందంటే తీసి పక్కన పెట్టి కూర్చుంటుంది. దాంతో రంగు కాస్త మారుతుంది, ఎలక్ట్రోడ్ మీద రాగి ఎలక్ట్రాన్ తీసుకునే వోల్టేజీ కూడా జరుగుతుంది. మీ అమ్మాయి కొలిచేది బహుశా ఇదే.

ముఖానికి రాసుకునే 'కాపర్ పెప్టైడ్' సీరమ్‌లలోని గ్లైసిన్-హిస్టిడిన్-లైసిన్ కూడా ఈ రెండో రకమే. 1973లో లోరెన్ పికార్ట్ మనిషి ప్లాస్మాలో కనిపెట్టారు. (ముడతలు పోతాయా అని మాత్రం అడక్కండి, దానికి ఇంకో ఉత్తరం రాయండి.)

యాంటీబాడీతో పోలిస్తే పెప్టైడ్ తయారీ తేలిక, ఖర్చు తక్కువ. కానీ యాంటీబాడీకున్న పట్టింపు దీనికి లేదు, ఖాళీ సీటు కనిపిస్తే ఎవరైనా ఎక్కేస్తారు. ఏటీపీ (కణాలకు శక్తినిచ్చే, మూడు ఫాస్ఫేట్లున్న అణువు) కోసం చూస్తుంటే మామూలు ఫాస్ఫేట్ వచ్చి కూర్చోవచ్చు. అందుకే చుట్టుపక్కల లైసిన్, ఆర్జినిన్ లాంటి ధనావేశం ఉన్నవాటిని పెట్టి, ఎక్కువ ఋణావేశం ఉన్న అణువును లాగాలని చూస్తారు.

ఇంతకంటే పెద్ద తలనొప్పి రక్తం. మన రక్తంలో ఎక్కువగా ఉండే ప్రోటీన్ అల్బుమిన్. దాని గొలుసు మొదట్లో మూడో స్థానంలో హిస్టిడినే ఉంది, అంటే నాలుగు సీట్లూ నింపే రకం. మూడు చేతులతో పట్టుకున్న పెప్టైడ్ దగ్గర్నుంచి రాగిని ఇట్టే లాగేసుకుంటుంది. బఫర్‌లో (ల్యాబ్‌లో కలుపుకున్న శుభ్రమైన ద్రావణంలో) చక్కగా పనిచేసింది రక్తపు సీరమ్‌లో చతికిలపడేది ఇక్కడే. సీరమ్‌లో చేసి చూశావా అని మీ అమ్మాయిని ఇప్పుడే అడగండి, వైవాలో ఆ ప్రశ్న తప్పకుండా వస్తుంది.