ఆ 5 లక్షలు షాపుకు కాదు, నెలలకు ఇవ్వండి

ప్రశ్న: మా అమ్మాయి బీఎఫ్ఏ చదివి, రెండేళ్లుగా హైదరాబాద్‌లో ఒక యాడ్ ఏజెన్సీలో డిజైనర్‌గా చేస్తోంది. జీతం 28 వేలు. సెలవు రోజుల్లో బయటి పనులు కూడా చేస్తుంది. ఇప్పుడు ఉద్యోగం మానేసి, స్నేహితురాలితో కలిసి విజయవాడలో స్టూడియో పెడతానంటోంది. పెళ్లి కార్డులు, లోగోలు, ప్యాకింగ్ డిజైన్లు చేస్తారట. 5 లక్షలు అడుగుతోంది. అది తన పెళ్లికని దాచిన డబ్బు. ఇవ్వమంటారా, వద్దని చెప్పమంటారా?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: ఇవ్వండమ్మా. కానీ ఒకేసారి చేతిలో పెట్టొద్దు. షాపు అడ్వాన్సుకీ, ఇంటీరియర్‌కీ అయితే అసలు వద్దు. కౌన్సెలింగ్‌లోకి రాకముందు నేను విజయవాడ గవర్నర్‌పేటలో తొమ్మిదేళ్లు డిజైన్ స్టూడియో నడిపాను. ఆ అనుభవంతోనే ఇది చెబుతున్నాను.

నేనూ, నా స్నేహితుడూ 3 లక్షల 60 వేలతో మొదలుపెట్టాం. మొదటి నెలలోనే 2 లక్షల పైన ఖర్చయిపోయింది. అద్దె అడ్వాన్సు, అద్దాల తలుపు, ఏసీ, బయట లైట్ల బోర్డు. మాఘం, ఫాల్గుణం పెళ్లి కార్డులతో చేతినిండా పని. వైశాఖం కూడా బాగానే గడిచింది. ఆషాఢం రాగానే ఫోన్ మోగడం ఆగిపోయింది. ఆ వెనకే మూఢం. అద్దె, కరెంటు బిల్లు, మా దగ్గర పనిచేసే కుర్రాడి జీతం మాత్రం నెల తిరిగేసరికి కట్టాల్సిందే. మా అమ్మ గాజులు తాకట్టు పెట్టి ఆ రోజులు నెట్టుకొచ్చాం. ఆ అద్దాల తలుపు చూసి వచ్చిన కస్టమర్ ఒక్కరూ లేరు. వచ్చిన వాళ్లంతా మేం చేసిన కార్డు చుట్టాల ఇంట్లో చూసి, ఎవరు చేశారని అడిగి వచ్చినవాళ్లే.

అందుకే నా లెక్క ఇది. కంప్యూటర్‌కు, సాఫ్ట్‌వేర్‌కు లక్ష తీయండి. మిగతా 4 లక్షలు తన పేరు మీద వేరే ఖాతాలో వేసి, నెలకు 25 వేలు మించి తీయనని మాట తీసుకోండి. పదహారు నెలలు వస్తుంది. ఒక ఏడాది పూర్తిగా తిరిగి, మంచి సీజనూ ఖాళీ నెలలూ రెండూ తను కళ్లారా చూస్తుంది. మొదటి ఏడాది మీ ఇంట్లోనే ఒక గది చాలు. కస్టమర్‌ను కలవాలంటే తెనాలి నుంచి విజయవాడకు రైళ్లు ఎన్ని లేవు?

పని విషయంలో నన్ను బాగా దెబ్బతీసిన ఒక సంగతి చెప్తాను. ఒక పెళ్లి కార్డులో ముహూర్తం "శనివారం రాత్రి 2.40 గంటలకు, తెల్లవారితే ఆదివారం" అని ఉండాలి. మేం "ఆదివారం రాత్రి 2.40" అని కొట్టాం. పెళ్లికూతురి నాన్నగారికి ఫోన్‌లో చదివి వినిపిస్తే సరే అన్నారు. 800 కార్డులు ప్రింటయ్యాయి. వాళ్ల పురోహితుడు చూసేదాకా ఎవరూ పట్టుకోలేదు. పంచేసి ఉంటే చుట్టాలు పెళ్లి అయిపోయిన రోజు రాత్రికి దిగేవాళ్లు. తప్పు మాదే కాబట్టి మా ఖర్చుతో మళ్లీ వేయించి ఇచ్చాం. ఆ రోజు నుంచి కాగితం మీద ప్రూఫ్ తీసి, పేర్లు, ముహూర్తం, వేదిక కింద వాళ్ల చేతే గీత గీయించి, సంతకం పెట్టించుకున్నాకే ప్రింటింగ్ ప్లేటు చేయడానికి పంపేవాళ్లం. సంతకమా అని నొచ్చుకున్నవాళ్లు ఉన్నారు. అయినా మానలేదు. మీ అమ్మాయి మొదటి కార్డు నుంచే ఇది అలవాటు చేసుకోవాలి.

ఇక డబ్బు అడగడం. బొమ్మలు బాగా వేసే పిల్లలు చాలామంది ఇక్కడే ఓడిపోతారు. ఒక సంస్థకు లోగో, బ్రోచర్లు చేసి ఇచ్చాం. బిల్లు 1 లక్షా 40 వేలు. మనవాళ్లే కదా, ఇస్తార్లే అనుకున్నాం. ఏడు నెలలు తిరిగాం. చివరికి వకీలు దగ్గరికి వెళితే, మా భాగస్వామ్య ఫర్మ్ రిజిస్టర్ చేయలేదు కాబట్టి ఫర్మ్ తరఫున బాకీ దావా వేయడం కుదరదన్నారు. 1932 నాటి భాగస్వామ్య చట్టంలో ఆ సంగతి ఉందని అప్పుడే తెలిసింది. మీ అమ్మాయి కూడా స్నేహితురాలితో కలిసే మొదలుపెడుతోంది. ఇద్దరూ మొదటి నెలలోనే డీడ్ (భాగస్వామ్య పత్రం) రాసుకుని ఫర్మ్ రిజిస్టర్ చేయించాలి. ఎవరి పెట్టుబడి ఎంత, ఎవరు మధ్యలో తప్పుకుంటే లెక్క ఎలా తేల్చుకోవాలి అన్నది స్నేహం బాగున్నప్పుడే రాసుకోవాలి. నా స్నేహితుడు అయిదో ఏట విడిపోయాడు. అలాంటి కాగితం లేక మేం రెండేళ్లు మాట్లాడుకోలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

దాంతోపాటు చిన్న వ్యాపారాలకు కేంద్రం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ కూడా చేయించమనండి. ఆన్‌లైన్‌లోనే అవుతుంది, ఫీజు లేదు. పని మొదలుపెట్టకముందే ఉండాలి. రిజిస్టరైన చిన్న సంస్థకు, రాతపూర్వక ఒప్పందంలో ఎక్కువ గడువు రాసుకున్నా సరే, కొన్నవాళ్లు 45 రోజులు దాటకుండా చెల్లించాలని 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం చెబుతోంది. దాటితే వడ్డీ కట్టాలి. చట్టం ఉంది కదా అని ఊరుకోకూడదు. పనికి ముందు సగం, ప్రింటుకు వెళ్లేముందు మిగతా సగం తీసుకోవాలి. కొటేషన్‌లోనే మూడు మార్పుల వరకు ఉచితం, ఆపైన ఇంత అని రాయాలి. ఓపెన్ ఫైల్ (మళ్లీ మార్చుకోగలిగే అసలు డిజైన్ ఫైల్) ఇస్తామా లేదా అన్నదీ అందులోనే రాయాలి. జీఎస్టీ గురించి ఇప్పుడే టెన్షన్ పడక్కర్లేదు. సేవలకు ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటితేనే రిజిస్ట్రేషన్ తప్పనిసరి.

పెళ్లి కార్డుల మీదే ఆధారపడొద్దని కూడా చెప్పండి. మమ్మల్ని నిలబెట్టింది పచ్చళ్లు, పొడులు, స్వీట్లు అమ్మే చిన్న వ్యాపారాలు. వాటికి మూఢాలు ఉండవు. సీసా మీద ఏం ఉండాలో వాళ్లలో చాలామందికి తెలియదు. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రతా సంస్థ) లైసెన్స్ నంబర్ 14 అంకెలు, నికర బరువు, ఎంఆర్‌పీ, ఎప్పటిలోగా వాడాలి, గోంగూర పచ్చడికి ఆకుపచ్చ చుక్క, చికెన్ పచ్చడికి గోధుమరంగు గుర్తు. ఇవన్నీ అడగకుండానే గుర్తుపెట్టుకుని లేబుల్ చేసే డిజైనర్‌ను వాళ్లు వదులుకోరు. అందంగా చేసేవాళ్లు చాలామందే దొరుకుతారు, ఇలా చేసేవాళ్లు తక్కువ.

ఒక్క విషయం మాత్రం మీ అమ్మాయి నేరుగా వినాలి. సొంతంగా పెట్టాక నేను బొమ్మ మీద కూర్చున్నది రోజుకు రెండు గంటలే. మిగతాదంతా ఫోన్లు, వసూళ్లు, ప్రెస్ దగ్గర రంగు సరిగా పడుతోందా అని నిలబడటం. పొద్దస్తమానం డిజైన్ మీదే ఉండాలనుకుంటే ఉద్యోగమే తనకు ఎక్కువ అవకాశమిస్తుంది. అందులో చిన్నతనం ఏమీ లేదు.

రాజీనామా ఇవ్వకముందు ఆఫర్ లెటర్ తీసి, బయటి పనులు చేయకూడదన్న షరతు ఉందేమో చూసుకోమనండి. తర్వాత ఒక తెల్లకాగితం ఇచ్చి, ఇప్పటిదాకా బయట చేసిన పనులన్నీ రాయమనండి. ఎవరికి చేసింది, ఎంత అడిగింది, ఎంత వచ్చింది, ఎన్ని రోజులకు వచ్చింది, ఎన్నిసార్లు మార్పులు చేసింది. ఆ కాగితం నాకు పంపండి. రాజీనామా ఏ నెలలో ఇస్తే మంచిదో అది చూసి చెప్తాను.