పదేళ్లలో రెట్టింపైతే ఏడాదికి ఎంతొచ్చినట్టు?

ప్రశ్న: 2014 జూన్‌లో ఖమ్మం దగ్గర 10 లక్షలకు ప్లాటు కొని, 2024 ఆగస్టులో 24.5 లక్షలకు అమ్మాను. రిజిస్ట్రేషన్, కమీషన్లకు 80 వేలు, మట్టి తోలించి ప్రహరీ కట్టడానికి 1.2 లక్షలు అప్పుడే అయ్యాయి. అమ్మేటప్పుడు మీడియేటర్‌కు 50 వేలిచ్చాను. 145 శాతం లాభం, అంటే ఏడాదికి 14.5 అని నా లెక్క. బ్యాంకులో వేసినా ఇంతే వచ్చేదని మా బావమరిది వెక్కిరిస్తున్నాడు. ఎవరు కరెక్టు?

జవాబు: మీ బావమరిదే, ఏమనుకోకండి. ముందు పెట్టుబడి 10 లక్షలు కాదు, ఖర్చులన్నీ కలిపితే 12. చేతికొచ్చింది 24. లాభాన్ని పెట్టుబడితో భాగించి వందతో గుణిస్తే సరిగ్గా 100 శాతం, 145 కాదు (డాక్యుమెంట్‌లో రాసిన ధర, ఇచ్చిన ధర ఒకటేనని నమ్మి ఈ లెక్క!). ఇక ఆ 100ని పదితో భాగించి ఏడాదికి 10 శాతం అనేస్తారు చాలామంది, కానీ వడ్డీ మీద వడ్డీ ఉంటుంది కాబట్టి అలా కుదరదు. 72ని రెట్టింపు కావడానికి పట్టిన ఏళ్లతో భాగించి చూడండి, 7.2 వస్తుంది, అదే దాదాపు మీ అసలు రేటు. ఊళ్లో లెక్కన చెప్పాలంటే నూటికి నెలకు 60 పైసల వడ్డీ, అదీ వడ్డీ ఏటా అసల్లో కలుపుకుంటూ పోతేనే.

పన్ను ఇంకా తీయలేదు. 2024 జులై 23కి ముందు కొన్న స్థలం కాబట్టి ఇండెక్సేషన్‌తో (అంటే కొన్న ధరను ద్రవ్యోల్బణం మేరకు పెంచి లెక్కగడితే) 20 శాతం, అది లేకుండా 12.5 శాతం, రెండిట్లో ఏది తక్కువైతే అది కట్టొచ్చు. ద్రవ్యోల్బణ సూచీ 240 నుంచి 363కి పెరిగింది కాబట్టి మీ 12 లక్షలు 18.15 లక్షలవుతాయి, మిగతా 5.85 లక్షల మీద సెస్సుతో కలిపి సుమారు 1.22 లక్షల పన్ను. రెండో దారిలో 1.56 లక్షలు పోయేవి. ప్రహరీ బిల్లులు మాత్రం దగ్గర ఉండాలి.

పన్ను పోగా ఏడాదికి సుమారు 6.5 శాతం. 2014లో పెద్ద బ్యాంకులు పదేళ్ల డిపాజిట్‌కు ఎనిమిదిన్నర శాతం దాకా ఇచ్చేవి, 20 శాతం స్లాబులో ఉన్నవాళ్లకు పన్ను పోను మిగిలేదీ ఇంచుమించు అంతే. ప్రహరీ నాలుగేళ్ల తర్వాత కట్టి ఉంటే ఈ 72 చిట్కా పనిచేయదు, ఎక్సెల్‌లో తేదీలు, మొత్తాలు వేసి, వేర్వేరు తేదీల్లో పెట్టిన డబ్బుకు ఏడాది రేటు చెప్పే ఎక్స్‌ఐఆర్‌ఆర్ (XIRR) ఫార్ములా వాడాలి.