అమ్మలూ, ముందు ఆ 48 అంకెలు వెతుకు

అమ్మలూ,

లాప్‌టాప్ లేవడం లేదని, ప్రాజెక్టు ఫైళ్లు అందులోనే ఉండిపోయాయని నిన్న ఫోన్‌లో నువ్వు పడ్డ కంగారు చూసి సగమే చెప్పగలిగాను, అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. నా పాత సీడీల పౌచ్ తీసుకెళ్లి, బయటి డీవీడీ డ్రైవ్ తగిలించి, మూడు సీడీలు మార్చి మార్చి పెట్టినా లాప్‌టాప్ పట్టించుకోలేదన్నావు. అందులో నీ తప్పేం లేదు, లాప్‌టాప్ తప్పూ లేదు, ఆ సీడీలు వేరే కాలానివి. వాటిలో నేను ఎక్కువగా వాడిన, పాడైన కంప్యూటర్లను లేపి బాగుచేసే హైరెన్స్ సీడీ 2012 నాటిది. అప్పటి మెషిన్లలో బయాస్, అంటే ఆన్ చేయగానే మొదట నడిచే లోపలి ప్రోగ్రాం, సీడీ మొదట్లో ఉన్న చిన్న కోడ్ చదివి పగ్గాలు దానికే ఇచ్చేసేది. ఇప్పుడు దాని స్థానంలో ఉన్న యూఈఎఫ్ఐ అలా ఇవ్వదు. డిస్కులో ఈఎఫ్ఐ అనే ఫోల్డరు, దాని లోపల బూట్ ఫోల్డరు, అందులో తనకు కావలసిన ఫైలు ఉంటేనే లేపుతుంది, లేకపోతే దాని దృష్టిలో నువ్వు ఏ డిస్కూ పెట్టనట్టే. కొన్నేళ్లు రెండు పద్ధతులూ నడిచాయి కానీ, 2020 కల్లా పాత పద్ధతిని తీసేస్తామని ఇంటెల్ 2017లోనే చెప్పింది. నీది నిరుడు కొన్న మెషిన్, అందులో పాత పద్ధతి సెట్టింగ్ కోసం వెతికి టైం పాడు చేసుకోకు.

ఇక అసలు సంగతి. పెన్‌డ్రైవ్‌తో లాప్‌టాప్ లేపే పనులు మొదలుపెట్టక ముందే బిట్‌లాకర్ కీ వెతుకు, బిట్‌లాకర్ అంటే డిస్కుకి విండోస్ వేసే తాళం. కొత్త లాప్‌టాప్‌లలో చాలా వాటికి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అవగానే డిస్కు దానంతటదే లాక్ అవుతుంది, మనల్ని అడగదు కూడా. బయటి నుంచి లేపి ఆ డిస్కు తెరవాలంటే 48 అంకెల కీ కావాలి, ఆరేసి అంకెల చొప్పున ఎనిమిది గుంపులు. నీ ఫోన్‌లోనే మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి వెళ్లి డివైసెస్ కింద చూడు, ఒకటి కంటే ఎక్కువ కీలు కనబడితే స్క్రీన్ మీద చూపించే కీ ఐడీతో సరిపోయేదే నీది. కాలేజీ మెయిల్‌తో లాగిన్ అయి ఉంటే కీ కాలేజీ ఐటీ వాళ్ల దగ్గర ఉండొచ్చు, రేపు పొద్దున్నే అడుగు. దొరికాక కాగితం మీద రాసుకో, ఇంకోసారి చదివి సరిచూసుకో.

ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. మూడేళ్ల కిందట ఒక రిటైర్డ్ మాస్టారు ఇలాగే లేవని లాప్‌టాప్ తెచ్చారు. నేను పాత అలవాటు కొద్దీ కీ సంగతి అడక్కుండానే సెటప్‌లోకి, అంటే యూఈఎఫ్ఐ సెట్టింగ్స్‌లోకి వెళ్లి, నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌నే లేవనిచ్చే సెక్యూర్ బూట్ ఆఫ్ చేశాను, అది చాలదన్నట్టు ఆ డిస్కు తాళాన్ని తనలో దాచుకునే టీపీఎమ్ అనే చిప్‌ని కూడా క్లియర్ చేశాను. మళ్లీ ఆన్ చేస్తే నీలం స్క్రీన్, మధ్యలో ఒక ఖాళీ గడి, అందులో 48 అంకెలు కొట్టమని. మాస్టారికి ఆ అకౌంట్ సంగతే తెలీదు, కొన్నరోజు షాపులో ఎవరో ఏదో మెయిల్ పెట్టి తెరిచి ఇచ్చారట. ఆ డిస్కులో ఆయన పదేళ్లుగా టైప్ చేసుకున్న తన ఊరి చరిత్ర ఉంది, ఇంకెక్కడా కాపీ లేదు. ఆయన ఒక్క మాట అనలేదు, బ్యాగు జిప్ మెల్లగా వేసుకుని లేచి వెళ్లారు. ఆ జిప్ చప్పుడు నాకు ఇప్పటికీ వినబడుతుంది తల్లీ. కాబట్టి టీపీఎమ్ అనే మాట ఎక్కడ కనబడినా దాని జోలికి వెళ్లకు.

కీ చేతికొచ్చాక మిగతాది అంత కష్టం కాదు. డీవీడీ మాట మర్చిపో, విండోస్ 11 ఫైలు 4.7 జీబీ డీవీడీలో పట్టదు, పైగా సీ టైప్ అడాప్టర్ మీద ఆ డ్రైవ్‌కు కరెంటు చాలక గిరగిరా తిరిగి ఆగిపోనూ వచ్చు. ఎనిమిది జీబీ పెన్‌డ్రైవ్ ఖాళీది తీసుకుని, నీ ఫ్రెండ్ లాప్‌టాప్‌లో మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి మీడియా క్రియేషన్ టూల్ దించి, దానితో లాప్‌టాప్‌ని లేపే పెన్‌డ్రైవ్‌గా తయారు చెయ్యి. దీనికి సెక్యూర్ బూట్ ఆఫ్ చెయ్యక్కర్లేదు, ఉబుంటు పెన్‌డ్రైవ్‌కి కూడా మామూలుగా అక్కర్లేదు.

పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకుని పూర్తిగా ఆపెయ్యి. పెన్‌డ్రైవ్ హబ్‌కి కాకుండా నేరుగా లాప్‌టాప్‌కే పెట్టు. ఆన్ చేసిన క్షణం నుంచీ దేని నుంచి లేవాలో అడిగే బూట్ మెనూ కీ టకటకా కొడుతూనే ఉండు. హెచ్‌పీకి ఎఫ్9, డెల్, లెనోవోలకు ఎఫ్12, ఆసుస్‌కు ఎస్కేప్. ఏసర్ అయితే ఎఫ్12 పనిచేయకపోవచ్చు, ముందు ఎఫ్2తో సెటప్‌లోకి వెళ్లి దాన్ని ఎనేబుల్ చేయాలి. ఏదీ కుదరకపోయినా టెన్షన్ పడకు. విండోస్ రెండు మూడుసార్లు లేవలేకపోతే రిపేర్ స్క్రీన్ దానంతటదే వస్తుంది, అందులో యూజ్ ఎ డివైస్ అని ఉంటుంది, అక్కడి నుంచి కూడా పెన్‌డ్రైవ్ లేపొచ్చు.

లేచాక ఇన్‌స్టాల్ నొక్కకు, ఈ మాట రెండుసార్లు చదువు. రిపేర్ మై పీసీలోకే వెళ్లాలి, పాత పెన్‌డ్రైవ్‌లలో అదే రిపేర్ యువర్ కంప్యూటర్ అని ఉంటుంది. అక్కడ నీ డిస్కు అసలు కనబడకపోతే డిస్కు చచ్చిపోయిందని ఏడవకు. ఇంటెల్ 11వ తరం నుంచి చాలా లాప్‌టాప్‌లలో డిస్కుకీ విండోస్‌కీ మధ్య నిలబడే వీఎమ్‌డీ అనే ఇంటెల్ ఏర్పాటు ఒకటి ఆన్‌లో ఉంటుంది, దాని డ్రైవర్ లేకపోతే డిస్కు కనబడదు. కంపెనీ సైట్‌లో నీ మోడల్ కింద ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ అనే పేరుతో ఉన్న ఆ డ్రైవర్ దించి, విప్పి, అదే పెన్‌డ్రైవ్‌లో వేసుకుంటే లోడ్ చేసుకోవచ్చు. ఇంటర్నెట్‌లో చాలామంది సెటప్‌లో వీఎమ్‌డీ ఆఫ్ చేసెయ్ అంటారు, అలా చేసి అలాగే వదిలేస్తే డిస్కు కనబడుతుంది కానీ విండోస్ లేవడం ఆగిపోతుంది.

డిస్కు కనబడగానే రిపేర్ మొదలుపెట్టాలని చెయ్యి దురద పెడుతుంది. ఆగు. ముందు నీ ప్రాజెక్టు ఫైళ్లు బయటికి తీయాలి. కమాండ్ ప్రాంప్ట్, అంటే ఆదేశాలు టైప్ చేసే నల్ల కిటికీ, తెరిచి నోట్‌ప్యాడ్ అని టైప్ చెయ్యి, అందులో ఫైల్, ఓపెన్ నొక్కి కింద ఆల్ ఫైల్స్ ఎంచుకుంటే ఆ చిన్న కిటికీలోనే నీ ఫోల్డర్లన్నీ కనబడతాయి, కుడి క్లిక్‌తో కాపీ చేసి బయటి హార్డ్ డిస్కులో పేస్ట్ చేసుకోవచ్చు. పెద్ద ఫోల్డరైతే కాపీ అవుతున్నట్టు ఏమీ చూపించదు, కదలకుండా ఉండిపోతుంది, కంగారుపడి మూసెయ్యకు. ఇక్కడ డ్రైవ్ అక్షరాలు మారిపోతాయి కూడా, సీ అనుకున్నది డీ కావచ్చు, లోపల యూజర్స్ ఫోల్డరులో నీ పేరు చూసుకుని గానీ కాపీ చెయ్యకు.

కాపీ అయ్యాకే స్టార్టప్ రిపేర్. డిస్కులో తప్పులు వెతికి సరిచేసే చెక్‌డిస్క్ మాత్రం నువ్వు నడపకు, డిస్కే పాడయ్యే దశలో ఉంటే అది ఉన్నదాన్ని కూడా పోగొట్టొచ్చు. కాపీ మధ్యలో ఎక్కడైనా ఇరుక్కుపోయినా, ఎర్రర్ వచ్చినా అక్కడే ఆపేసి లాప్‌టాప్ మూసి పక్కన పెట్టు, ఆదివారం నేనే వస్తాను.

కీ దొరికిందో లేదో ఈ రాత్రికే ఫోన్ చెయ్యి, పదకొండు దాకా మెలకువగానే ఉంటాను.

మీ బాబాయ్