బాత్‌రూమ్ గోడ టైల్ ఊడి పడింది, నష్టం ఎవరు కట్టాలి?

ప్రశ్న: లాయర్ గారికి నమస్కారం. మాది విశాఖపట్నం, మధురవాడ. ఎనిమిదేళ్ల కిందట కొన్న ఫ్లాట్‌లో రెండు బాత్‌రూమ్‌లూ కిందటేడు కొత్తగా చేయించాం. పాత టైల్స్ కొట్టించేసి, గోడలకు రెండు బై నాలుగు సైజు టైల్స్ వేయించాం. టైల్స్ మేమే షాపులో 38 వేలకు కొన్నాం. సిమెంటు, ఇసుక, కూలీ, ప్లంబింగ్ అన్నీ కలిపి కాంట్రాక్టర్‌కు 72 వేలు ఇచ్చాం. ఏడు నెలలకు ఒక రాత్రి పై వరసలో రెండు టైల్స్ ఊడిపడ్డాయి. అప్పుడే లోపలికి వెళ్లిన మా మావయ్య గారి పాదం మీద ఒకటి పడి ఎముక విరిగింది. కాంట్రాక్టర్‌ని అడిగితే టైల్ క్వాలిటీ బాలేదంటాడు. షాపువాళ్లేమో వేయడం చేతకాలేదంటారు. అగ్రిమెంట్ ఏమీ రాసుకోలేదు. డబ్బంతా ఫోన్‌లోనే పంపాం. షాపువాళ్లు ఇచ్చింది ఎస్టిమేట్ చీటీ ఒక్కటే. ఇంకో విషయం కూడా చెప్పాలి. పని మొదట్లో ‘గమ్ (టైల్స్ అతికించే జిగురు) వాడితే మంచిది’ అని మేస్త్రీ అన్నాడు. సిమెంటు చాలదా అని మా వారు అడిగితే, ‘చాలు సార్, ఎన్ని ఇళ్లు చేయలేదు’ అన్నాడు కాంట్రాక్టర్. ఇప్పుడు ఎవరి మీద కేసు వేయాలి? – ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు నేనే ఒకటి అడుగుతాను. పడిన టైల్ ముక్కలు ఉన్నాయా, ఊడ్చి చెత్తబండిలో వేసేశారా? ఉంటే వాటిని కడగకండి, తుడవకండి. అట్టపెట్టెలో పెట్టి దాచండి. మీ కేసు మొత్తం ఆ టైల్ వెనకవైపునే ఉంది.

ఎందుకంటే, నిజం చెప్పేది కాంట్రాక్టరా, షాపువాడా అన్నది వాళ్ల మాటల్లో తేలదు. టైల్ వెనక, అది ఊడిన చోట గోడ మీద తేలుతుంది. టైల్ వెనక నున్నగా, వచ్చినప్పుడు ఎలా ఉందో అలాగే ఉండి, సిమెంటంతా గోడకే ఉండిపోయిందా? అయితే సిమెంటు టైల్‌ను పట్టుకోలేదన్నమాట. మీది విట్రిఫైడ్ టైల్ (గాజులా గట్టిపడేదాకా కాల్చినది) అయితే, అది నీళ్లు దాదాపు పీల్చుకోదు. పాతకాలం గోడ టైల్ అయితే సిమెంట్ పాలను పీల్చుకుని అతుక్కునేది. దీనికి ఆ గుణం లేదు కాబట్టే పాలిమర్ కలిసిన గమ్ వాడమంటారు. పైగా వెనక ఉండే తెల్లపొడిని గుడ్డతో తుడవకుండా వేసినా పట్టు ఉండదు. అలా కాకుండా టైల్ వెనక నాలుగు మూలలా, మధ్యలో ఒకటి, ముద్దలు ముద్దలుగా సిమెంటు అంటి ఉండి మిగతాదంతా ఖాళీగా ఉందా? అది నూటికి నూరు పాళ్లూ పనితనం లోపమే. మూడోది, టైల్‌తో పాటు గోడ ప్లాస్టరింగే పెచ్చులుగా ఊడి వచ్చిందా? అప్పుడు పాత టైల్స్ కొట్టాక గోడను సరిగ్గా తయారు చేయలేదని అర్థం. అది కూడా కాంట్రాక్టర్ పనే. ఈ మూడూ కాక, టైల్ పొరలుగా విడిపోయో, వంకర తిరిగి ఉండో కనిపిస్తేనే షాపు వైపూ కంపెనీ వైపూ చూడాలి.

మీరు రాసినదాన్ని బట్టి నాకు మొదటి రెండింటిలో ఒకటై ఉంటుందనిపిస్తోంది. ఆ సైజు టైల్ ఒక్కొక్కటి పద్నాలుగు, పదిహేను కిలోలు తూగుతుంది. అంత బరువును తలకన్నా ఎత్తున సిమెంట్ పాలతో నిలబెట్టి ‘ఎన్ని ఇళ్లు చేయలేదు’ అనడం ధైర్యమే గానీ పనితనం కాదు.

ఇక చట్టం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలై 20 నుంచి అమల్లో ఉంది. డబ్బు తీసుకుని చేసే ఇలాంటి పని దాని కింద ‘సేవ’. ఇల్లు కట్టడం కూడా సేవే అని సుప్రీంకోర్టు 1993లోనే లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో తేల్చింది. ‘నేను కూలీని, నాకు ఈ చట్టం వర్తించదు’ అని కాంట్రాక్టర్ అనవచ్చు. మీ ఇంట్లో జీతానికి పనిచేసే మనిషికైతే ఆ మాట చెల్లుతుంది. మొత్తం పని ఒప్పుకుని, తన మనుషులను తెచ్చి చేయించినవాడికి చెల్లదు. మేస్త్రీని ఈ గొడవలోకి లాగకండి. అతను కాంట్రాక్టర్ మనిషి, అతని తప్పుకు కూడా కాంట్రాక్టరే జవాబుదారీ. పైగా గమ్ వాడమన్నది అతనే కాబట్టి రేపు మీ తరఫున నిజం చెప్పగలిగేది కూడా అతనే.

అగ్రిమెంట్ లేదని టెన్షన్ పడకండి. నోటిమాట ఒప్పందం కూడా మన కాంట్రాక్ట్ చట్టం ప్రకారం ఒప్పందమే. ఫోన్‌లో పంపిన డబ్బుకు బ్యాంకు స్టేట్‌మెంట్ ఉంటుంది. అది తీయించండి. కాంట్రాక్టర్‌తో వాట్సాప్ మాటలు, వాయిస్ మెసేజ్‌లు, పని జరుగుతున్నప్పుడు మీవారు తీసిన ఫొటోలు ఒక్కటీ డిలీట్ చేయకండి. ఫోన్ మార్చే ఆలోచన ఉంటే కొన్నాళ్లు వాయిదా వేయండి. ఇలాంటి కేసులు వినే వినియోగదారుల కమిషన్లు సివిల్ కోర్టుల్లా సాక్ష్య నియమాలను బిగించి పట్టుకోవు గానీ, ఫోన్‌లోని ఆధారాలకు భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జత చేస్తే ఎదుటి లాయర్‌కు అభ్యంతరం చెప్పే దారి ఉండదు. షాపువాడు బిల్లు ఇవ్వకుండా చీటీతో సరిపెట్టడం కొత్త వినియోగదారుల చట్టంలో అనుచిత వ్యాపార పద్ధతి కిందకే వస్తుంది. ఆ చీటీ కూడా దాచండి.

మీరు దాచకుండా రాసిన గమ్ సంగతికి వద్దాం. ఎదుటివాళ్లు మీ మీద వాడబోయే ఆయుధం అదే. ఇక్కడ తేడా సన్నగా ఉంటుంది. ‘సిమెంటు చాలదా’ అని అడగడం వేరు, ‘గమ్ వద్దు, సిమెంటుతోనే కానివ్వండి’ అని చెప్పడం వేరు. మొదటిది తెలియనివాడు తెలిసినవాడిని అడిగిన సందేహం. దానికి ‘చాలు’ అని భరోసా ఇచ్చినవాడు ఆ మాటకు కట్టుబడాలి. రెండోది మీ ఆదేశం అవుతుంది. అలాంటి మెసేజ్ ఏదైనా మీ వారి ఫోన్ నుంచి వెళ్లి ఉంటే ఇప్పుడే వెతికి చూసి మీ లాయర్‌కు చెప్పండి. కేసు అంతటితో పోదు, పరిహారం తగ్గవచ్చు. దాచిపెట్టి ప్రమాణ పత్రం మీద సంతకం చేశాక అది బయటపడితే మాత్రం మీ మిగతా మాటలను కూడా ఎవరూ నమ్మరు.

ఎవరి మీద వేయాలంటే, నేనైతే కాంట్రాక్టర్‌ను మొదటి ప్రతివాదిగా పెడతాను. షాపును చేర్చాలా వద్దా అన్నది ఇంజినీర్ రిపోర్టు చూశాక తేలుస్తాను. రిపోర్టు టైల్ బాగానే ఉందంటే షాపును, కంపెనీని లాగడం వల్ల వాయిదాలు పెరగడం తప్ప ఒరిగేదేమీ ఉండదు. బిల్డర్ మీద రెరాకు (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థకు) వెళ్లొచ్చుగా అని ఎవరైనా అనవచ్చు. రెరా చట్టం 14వ సెక్షన్‌లోని ఐదేళ్ల పూచీ బిల్డర్ కట్టి అప్పగించిన పనికి. మీ ఫ్లాట్‌కు ఆ గడువు దాటింది, పైగా ఈ పని బిల్డర్ చేసింది కాదు.

లోపం నిరూపించాల్సింది మీరే. అందుకని సివిల్ ఇంజినీర్‌ను, వీలైతే చార్టర్డ్ ఇంజినీర్‌ను పిలిపించి ఊడిన చోటు, మిగిలిన గోడలు చూపించి రాతపూర్వకంగా రిపోర్టు తీసుకోండి. ఆయన వచ్చేలోపు మీరు చేయగలిగింది ఒకటుంది. రూపాయి బిళ్లతో ఒక్కో టైల్‌ను మూలమూలా తట్టండి. నిండుగా అతుక్కున్న చోట గట్టి శబ్దం, ఖాళీ ఉన్న చోట డొల్ల శబ్దం వస్తుంది. డొల్లగా మోగినవాటి మీద మార్కర్‌తో గుర్తు పెడుతూ వీడియో తీయండి. జాగ్రత్తగా, కింద నిలబడకుండా. రెండు బాత్‌రూమ్‌లలోనూ చూడాలి, ఎందుకంటే రెండింటిలోనూ పని చేసింది అదే చెయ్యి. ఎక్కువ డొల్లగా ఉన్నదానికి తాళం వేయండి.

రిపోర్టు చేతికొచ్చాక కాంట్రాక్టర్‌కు నోటీసు పంపించండి. వినియోగదారుల కేసుకు ముందు నోటీసు తప్పనిసరి కాదు, అయినా పంపడం మంచిది. ‘పదిహేను రోజుల్లో వచ్చి చూసుకో, సరిచేయి, లేదంటే వేరేవాళ్లతో చేయించి ఖర్చు నీ దగ్గర రాబడతాం’ అనే మాట అందులో తప్పకుండా ఉండాలి. ఆ గడువు అయ్యాక మీరు రిపేరు చేయించుకోవచ్చు. కేసు తేలేదాకా విరిగిన గోడతో బతకమని చట్టం చెప్పదు. నష్టాన్ని పెరగనివ్వకుండా చూసుకోవడం కూడా మీ బాధ్యతే. కొట్టించే ముందు మాత్రం ప్రతి గోడా ఫొటో తీయాలి, ఊడదీసిన టైల్స్‌లో కొన్నింటిని వెనకవైపు కనిపించేలా దాచాలి.

ఫిర్యాదును మీరు ఉండే జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు, అంటే విశాఖలోనే. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచి కూడా వేసుకోవచ్చు. మీరు చెల్లించిన మొత్తం 5 లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు. గడువు రెండేళ్లు. టైల్ పడిన రోజు నుంచి లెక్క అని వాదించవచ్చు గానీ, పని పూర్తయిన రోజు నుంచి రెండేళ్లలోపు వేసేస్తే ఆ వాదన అవసరమే రాదు. నోటీసు అందాక ప్రతివాది 30 రోజుల్లో జవాబు వేయాలి, కమిషన్ ఇంకో 15 రోజులు ఇవ్వగలదు, అంతే. ఆ 45 రోజులు దాటితే కుదరదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. కేసు మూడు నెలల్లో, పరీక్షలు అవసరమైతే ఐదు నెలల్లో తేల్చాలని చట్టంలో రాసి ఉంది. ఆ లెక్క నమ్ముకుని మాత్రం కూర్చోకండి.

అడగాల్సింది: కొత్త టైల్స్ ఖర్చు, కొట్టించడానికీ మళ్లీ వేయించడానికీ అయ్యే కూలీ, మావయ్య గారి వైద్యం బిల్లులు, మానసిక వేదనకు కొంత, కోర్టు ఖర్చులు. పది లక్షలు అడిగితే పదిలో సగమైనా ఇస్తారనే సలహా ఎవరైనా ఇస్తే వినకండి. బిల్లులతో చూపించలేని అంకె పెడితే చూపించగలిగిన అంకె మీద కూడా అనుమానం వస్తుంది. ఆసుపత్రి రికార్డులో ‘బాత్‌రూమ్ టైల్ మీద పడి’ అని ఉందో, ఊరికే ‘జారిపడి’ అని రాశారో ఒకసారి చూసుకోండి. చాలా కేసులు ఆ ఒక్క మాట దగ్గరే బలహీనపడతాయి.

ఎముక విరిగింది కాబట్టి నిర్లక్ష్యం మీద భారతీయ న్యాయ సంహిత 125వ సెక్షన్ కింద పోలీసు ఫిర్యాదుకు కూడా దారి ఉంది. నా సలహా మాత్రం వద్దనే. స్టేషన్‌కు వెళితే రెండు పూటలు హడావుడి, ఆ తర్వాత రాజీ కబుర్లు. అక్కడ మీ గోడ బాగుపడదు.

నోటీసు అందాక కాంట్రాక్టర్ కాళ్లబేరానికి వచ్చి మళ్లీ వేసిస్తానంటే ఒప్పుకోవచ్చు, కాగితం మీద. గమ్ ఏ రకం, దానికి డబ్బు ఎవరిది, గోడంతా చిప్పింగ్ (పట్టు కోసం గాట్లు) కొట్టాలా, ఎన్నాళ్లలో పూర్తి, ఎన్నేళ్ల పూచీ అన్నీ రాయించండి. ఇంకో షరతు కూడా పెట్టండి: పని జరుగుతుండగా మీరు చూపించిన టైల్‌ను అప్పటికప్పుడు పీకి వెనక చూపించాలి. గమ్ అంచులదాకా నిండుగా అంటి ఉంటే సరే, ముద్దలుగా ఉంటే ఆ వరస మొత్తం మళ్లీ వేయాలి.

చివరగా, టైల్స్ వచ్చిన అట్టపెట్టెలు. చాలా కంపెనీలు ఎలా వేయాలో పెట్టె మీదే అచ్చు వేస్తాయి. ఈ సైజుకు గమ్ వాడమని దాని మీద ఉంటే మీ కాంట్రాక్టర్ ‘చాలు సార్’కు అంతకన్నా గట్టి జవాబు లేదు. అక్కడే ‘వేసిన తర్వాత ఫిర్యాదులు తీసుకోబడవు’ అని కూడా ఉండవచ్చు, దానికి భయపడకండి. రంగు తేడా, సైజు తేడా లాంటి కంటికి కనిపించేవాటికే అది ఎక్కువగా పనికొస్తుంది. పాత పుస్తకాలో, దీపావళి సామానో సర్దడానికి ఆ పెట్టె ఒకటి అటక మీదికి వెళ్లి ఉంటుంది. ముందు అది దింపి చూడండి.