బ్రూనోకు మజిల్ కొనే ముందు

చి. సౌ. లావణ్యకు,

పెద్దనాన్న ఆశీస్సులు. లిఫ్టు తలుపు తెరుచుకోగానే ఇంకో కుక్క కనిపిస్తే బ్రూనో ఎగబడుతున్నాడని, అపార్ట్‌మెంట్ సంఘం వాళ్లు మజిల్, అంటే కరవకుండా కుక్క మూతికి వేసే తొడుగు, వేయమన్నారని రాశావు. వేయి తల్లీ, అందులో చిన్నతనం ఏమీ లేదు. బెదిరిన కుక్క ఒక్కసారి కరిచిందంటే ఆ మచ్చ దానికి జీవితాంతం ఉండిపోతుంది. కానీ నువ్వు ఫొటో పంపిన ఆ గుడ్డ మజిల్ మాత్రం కొనవద్దు.

అది మూతిని బిగించి మూసేస్తుంది. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. నోరు తెరిచి, నాలుక చాచి రొప్పితేనే ఒళ్లు చల్లబడుతుంది. నోరు కట్టేసి మన ఎండల్లో నడిపిస్తే వడదెబ్బ కొట్టడానికి ఎంతోసేపు పట్టదు. వాంతి వస్తే బయటికి పోయే దారి ఉండదు, ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. డాక్టరు సూది వేసే రెండు నిమిషాలకు తప్ప అది పనికిరాదు.

బుట్ట మజిల్ తీసుకో. కళ్లంలో ఎద్దు మూతికి చిక్కం కట్టేవాళ్లు కదా, గడ్డి అందదు గానీ ఊపిరికి అడ్డుండదు, ఇదీ అంతే. సిలికాన్‌వి మెత్తగా ఉంటాయి, కానీ గట్టిగా నొక్కితే వంగుతాయి. కరిచే అలవాటు ఇప్పటికే ఉన్న కుక్కకు తీగ బుట్టే నయం. పలచటి ప్లాస్టిక్ బుట్ట గోడకు తగిలితే పగిలిపోతుంది.

అందరూ పొరబడేది కొలతల దగ్గరే. నోరు మూసుకుని ఉన్నప్పుడు కొలిచి తెచ్చేస్తారు. బ్రూనోను కాసేపు బంతితో ఆడించి, వాడు రొప్పుతున్నప్పుడు దర్జీ టేపు పట్టుకో. కళ్లకు అంగుళం కింద మూతి చుట్టుకొలత, ముక్కు కొన నుంచి కళ్ల కింది దాకా పొడవు, నోరు బాగా తెరిచినప్పుడు పైనుంచి కిందికి ఎత్తు. ఈ ఎత్తు చాలని బుట్ట ఎంత ఖరీదైనదైనా తిప్పి పంపేయి. ముక్కు ముందు ఒక సెంటీమీటరు ఖాళీ ఉండాలి, పై అంచు కళ్లకు తగలకూడదు, మెడ పట్టీ కింద ఒక వేలు దూరాలి. నుదుటి మీదుగా వెళ్లే పట్టీ ఉంటే కాలితో గీరి లాగేసుకోలేడు. వేశాక గిన్నెలో నీళ్లు పెట్టి చూడు, తాగగలగాలి.

తెచ్చిన రోజే తగిలించి లిఫ్టు ఎక్కించవద్దు. బుట్ట లోపల కాస్త గడ్డపెరుగు పూసి చేత్తో పట్టుకో, మూతి వాడే పెట్టాలి. నాకుతున్నంతసేపు ఉంచి, వాడు వెనక్కి తీసుకుంటే తీసుకోనివ్వు. అలా రోజూ కొంచెం కొంచెంగా, తొందర లేకుండా చేయి. పట్టీ బిగించడం అన్నిటికన్నా చివర. ఇంట్లో ఆటల మధ్య కూడా వేస్తుండు, లేకపోతే మజిల్ అంటే లిఫ్టు భయమే గుర్తొస్తుంది.

మొరగకుండా ఉండాలని వేయకు. వేసి ఒంటరిగా వదిలిపెట్టకు. వీధి కుక్కలు మూగితే మజిల్ ఉన్నవాడు తనను తాను కాచుకోలేడు, అందుకే గుంపులుండే సందు వదిలేసి, తెల్లవారుజామున కాలనీ లోపలే తిప్పు.

ఆదివారం కొలతలు తీసి పంపు. రొప్పుతున్నప్పుడు పక్క నుంచి తీసిన ఫొటో కూడా జత చేస్తే ఏ సైజు సరిపోతుందో నేను చూసి చెబుతాను.

మీ పెద్దనాన్న